వేర్వేరు చిప్‌లకు ఒకే స్టోరేజీ డ్రైవర్ వరుసను ఎలా కట్టుకోవాలి

అనంతపురం చుట్టుపక్కల బోరు స్టార్టర్ పెట్టెల్లో కరెంటు, నీటి లెక్క నమోదు చేసే చిన్న లాగర్‌ను మీరు తయారుచేస్తున్నారనుకుందాం. మొదటి నమూనాలో నిల్వ కోసం 16 మెగాబైట్ల ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ చిప్ (కరెంటు పోయినా రాసినదానిని నిలుపుకునే మెమరీ) వాడారు. తరువాతి విడతలో ఆ చిప్ దొరకక 32 మెగాబైట్లది వేశారు. కడప వైపు చీనీ తోటల డ్రిప్ కోసం అడిగిన రైతులు కార్డు తీసి కంప్యూటర్‌లో చూసుకుంటామన్నారు కనుక ఎస్‌డీ కార్డు వచ్చి చేరింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల భూముల్లో వెలసిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు వంటి చోట పనిచేయాలంటే అనేక ఇన్వర్టర్ల లెక్కలు ఒకే గేట్‌వేలోకి చేరాలి, అందుకు వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ రకం డిస్కు కావాలి. రాయవలసిన రికార్డు మాత్రం అన్నిచోట్లా ఒకటే. అయినా ప్రతి కొత్త పరికరానికీ కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ షరతులు మొలుస్తూ పోతే, కొంతకాలానికి ఏ షరతు ఏ చిప్ కోసం పెట్టారో పెట్టినవారికే అంతుపట్టదు.

సీ భాషలో ఒకటి రెండు డ్రైవర్లు (పరికరాన్ని నడిపే ప్రోగ్రాములు) రాసిన అనుభవం మీకు ఉందన్న భావనతో ఈ మెట్లు వివరిస్తున్నాను. వీటన్నిటి వెనుక ఉన్న నియమం ఒకటే. పరిమితి ఎవరికి తెలుసో వారు దానిని అంకెల్లో ప్రకటించాలి, ఆ అంకెలను డ్రైవర్ వరుసలోని ఒకే ఒక పొర పాటించాలి, దాచడానికి వీలుకాని పరిమితిని ఏ పొరా దాచినట్లు నటించకూడదు.

మొదటి మెట్టు: డేటాషీట్‌ను పరిమితుల కోసం చదవండి

డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, వేగం, సామర్థ్యం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మీకు కావలసినవి లోపలి పట్టికల్లో ఉంటాయి. ఒక్కసారిగా ఎంత చదవగలం, ఎంత రాయగలం, రాసే ముందు చెరపాలా, చెరిపితే ఎంత మేర చెరిగిపోతుంది, అడ్రసుకు ఎన్ని బిట్లు ఉన్నాయి, ఒక ఆదేశంలో గరిష్ఠంగా ఎంత పంపవచ్చు, ఆ ఆదేశం పూర్తి కావడానికి అధమపక్షం కాక గరిష్ఠంగా ఎంతసేపు పడుతుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు రాసుకోండి.

డబ్ల్యూ25క్యూ128 తరహా నార్ ఫ్లాష్‌ను తీసుకుంటే, అది 256 బైట్ల పేజీలుగా రాస్తుంది, 4 కిలోబైట్ల సెక్టార్లుగా చెరుపుతుంది. రాయడం అంటే ఒకటి ఉన్న బిట్‌ను సున్నా చేయడమే. సున్నాను తిరిగి ఒకటి చేయాలంటే సెక్టారు మొత్తాన్ని చెరపాలి. ప్రతి రాతకూ, ప్రతి చెరుపుకూ ముందు అనుమతి ఆదేశం విడిగా పంపాలి. మూడు బైట్ల అడ్రసుతో 16 మెగాబైట్ల వరకే చేరగలం కాబట్టి, రెట్టింపు చిప్ వేసిన రోజున నాలుగు బైట్ల అడ్రసు అవసరమవుతుంది. ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటి ఉంది. చిప్‌ను నాలుగు బైట్ల విధానంలోకి మార్చి ఉంచిన సమయంలో మైక్రోకంట్రోలర్ ఒక్కటే రీసెట్ అయి, ఫ్లాష్‌కు కరెంటు తెగకపోతే, మూడు బైట్ల అడ్రసు పంపే బూట్ కోడ్‌కు ఆ చిప్ తప్పుడు సమాచారం ఇస్తుంది, పెట్టె లేవదు. విధానం మార్చకుండా నేరుగా నాలుగు బైట్ల అడ్రసు తీసుకునే ఆదేశాలు చిప్‌లో ఉంటే వాటినే వాడండి. లేదా రీసెట్ పిన్నును ఫ్లాష్‌కు కూడా కలపండి.

ఎస్‌డీ కార్డుల్లో 2 గిగాబైట్ల వరకు ఉండే పాత రకం బైట్ అడ్రసును అడుగుతుంది, అంతకు పైబడినవి 512 బైట్ల బ్లాకు సంఖ్యను అడుగుతాయి. ఏది ఏ రకమో పరిమాణాన్ని బట్టి ఊహించకండి. ఆరంభంలో కార్డు తానే ఒక బిట్ ద్వారా చెబుతుంది, దానిని చదవండి.

రెండవ మెట్టు: పరిమితులను ఒక స్ట్రక్చర్‌లో పెట్టండి

సేకరించిన అంకెలన్నిటినీ ఒకే స్ట్రక్చర్‌లో ఉంచి, కింది డ్రైవర్ మొదలైనప్పుడు దానిని నింపి పైకి అందించేలా చేయండి. అందులో చదివే కనీస పరిమాణం, రాసే కనీస పరిమాణం, చెరిపే పరిమాణం, పరికరం లోపల నిజంగా వాడే బ్లాకు పరిమాణం, ఒక ఆదేశంలో గరిష్ఠ బదిలీ, ఆ ఆదేశానికి ఇవ్వగల మెమరీ ముక్కల గరిష్ఠ సంఖ్య, ఒక్కో ముక్క గరిష్ఠ పొడవు, ముక్క దాటకూడని సరిహద్దు, మెమరీ అడ్రసు ఎన్ని బిట్లలో ఉండాలి, ఎంత అలైన్‌మెంట్ కావాలి (అడ్రసు ఏ అంకెతో నిశ్శేషంగా భాగింపబడాలి), పరికరంలో కరెంటు పోతే చెరిగిపోయే క్యాషే (తాత్కాలిక నిల్వ) ఉందా అన్నవి తప్పక ఉండాలి. లినక్స్ కెర్నెల్‌లో ప్రతి డిస్కుకూ ఇటువంటి స్ట్రక్చరే ఉంది. మీ కంప్యూటర్‌లోని సిస్ ఫైల్ వ్యవస్థలో బ్లాక్ అన్న ఫోల్డర్‌లోకి వెళ్ళి, మీ డిస్కు పేరు కింద క్యూ (queue) అన్న ఫోల్డర్ తెరిస్తే ఆ అంకెలు ఒక్కొక్కటీ ఒక్కో ఫైలుగా కనిపిస్తాయి. కొత్తగా రాయబోయే ముందు ఒక గంట వాటిని చూడటం వృథా కాదు.

అక్కడ గరిష్ఠ బదిలీకి రెండు ఫైళ్ళు ఉంటాయి. ఒకటి హార్డ్‌వేర్ తట్టుకోగల హద్దు, రెండవది మనం వాడదలచుకున్న హద్దు. ఈ తేడాను మీ స్ట్రక్చర్‌లోనూ పాటించండి. మొదటిదానిని ఎవరూ మార్చకూడదు, రెండవదానిని మొదటిదానికి లోబడి అవసరాన్ని బట్టి తగ్గించుకోవచ్చు.

ప్రమాణాల విషయంలో మొండిగా ఉండండి. ఒక ఫీల్డు సెక్టార్లలో, ఇంకొకటి కిలోబైట్లలో ఉంటే పొరపాటు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అన్నిటినీ బైట్లలోనే ఉంచండి. అంతకన్నా ముఖ్యం సున్నా. హార్డ్‌డిస్కులకు పంపే పాత ఏటీఏ ఆదేశంలో సెక్టార్ల లెక్కకు ఎనిమిది బిట్లే ఉంటాయి, అక్కడ సున్నా రాస్తే 256 సెక్టార్లని అర్థం. 48 బిట్ల అడ్రసు వచ్చాక ఆ లెక్క 16 బిట్లకు పెరిగి, సున్నా అంటే 65,536 అయింది. ఎన్‌వీఎంఈలో గరిష్ఠ బదిలీని తెలిపే ఫీల్డులో సున్నా ఉంటే హద్దే లేదని అర్థం, 5 ఉంటే కనీస మెమరీ పేజీకి రెండు ఐదవ ఘాతం రెట్లు, అంటే 4 కిలోబైట్ల పేజీకి 128 కిలోబైట్లు. ఇన్ని అర్థాలున్న సున్నాను మీ స్ట్రక్చర్‌లోకి అలాగే రానివ్వకండి. కింది డ్రైవరే దానిని అసలు అంకెగా మార్చి పంపాలి. మీ స్ట్రక్చర్‌లో సున్నా కనబడితే «డ్రైవర్ ఈ ఫీల్డు నింపడం మరిచిపోయింది» అన్న ఒక్క అర్థమే ఉండాలి, అప్పుడు పరికరాన్ని ప్రారంభించడానికే నిరాకరించాలి.

మూడవ మెట్టు: పొరలను విడదీసి, హద్దులను కలపండి

కనీసం మూడు పొరలు కావాలి. పైన రికార్డులను, ఫైళ్ళను చూసుకునే పొర, నడుమ అభ్యర్థనలను చీల్చి సరిచేసే ఉమ్మడి పొర, కింద ఆదేశాలను వైర్ల మీదికి పంపే డ్రైవర్. కింది డ్రైవర్ చిన్నదిగా, బుర్ర తక్కువదిగా ఉండటమే మేలు. హద్దు మీరిన అభ్యర్థన వస్తే అది తప్పు అని తిప్పి పంపాలే గానీ తానే చీల్చుకోకూడదు. ప్రతి డ్రైవరూ తన చీల్పు తాను రాసుకుంటే, ఒకే తప్పును ఐదు చోట్ల ఐదు రకాలుగా సరిచేసుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

పరికరానికీ ప్రాసెసర్‌కూ నడుమ కంట్రోలర్, యూఎస్‌బీ బ్రిడ్జి (యూఎస్‌బీని డిస్కుకు కలిపే చిప్) వంటివి ఉంటాయి, వాటికీ హద్దులుంటాయి. చెరువు ఎంత నిండినా కాలువలోకి పారేది తూము విడిచినంతే అన్నట్లు, దారిలో ఉన్న అందరి హద్దుల్లో బిగువైనదే చెల్లుతుంది. అయితే «బిగువైనది» అన్న మాటకు ప్రతి ఫీల్డులోనూ ఒకే లెక్క ఉండదు. గరిష్ఠ బదిలీకి, ముక్కల సంఖ్యకు, ముక్క పొడవుకు చిన్న అంకెను తీసుకోవాలి. అలైన్‌మెంట్‌కు, రాసే కనీస పరిమాణానికి పెద్ద అంకెను తీసుకోవాలి. రెండు పరికరాలను కలిపి ఒకటిగా చూపుతున్నప్పుడు, అనుకూలమైన బదిలీ పరిమాణానికి కనిష్ఠ సామాన్య గుణిజం కావాలి. క్యాషే ఉందా అన్న ప్రశ్నకు దారిలో ఒక్కరు అవునన్నా జవాబు అవునే. ఈ కలయికను ఒకే ఫంక్షన్‌లో రాసి, దాని పక్కనే పరీక్షలు పెట్టండి. పొరల రూపకల్పనలో ఎక్కువ తప్పులు దొర్లేది ఈ పది పదిహేను వరుసల్లోనే.

అన్ని పరికరాలకూ సరిపోయే అతిచిన్న హద్దును ముందే ఎంచుకుని అందరికీ దానినే వర్తింపజేయాలన్న ఆలోచన వస్తుంది. నేను దానిని సమర్థించను. ఒక సెక్టారు చొప్పున పంపితే ఎన్‌వీఎంఈ డిస్కు కూడా పాత కార్డులాగే పనిచేస్తుంది, పైగా ఎస్‌డీ కార్డులో విడివిడి సెక్టార్ల రాతలు లోపలి ఫ్లాష్‌ను అనవసరంగా అరగదీస్తాయి.

నాలుగవ మెట్టు: చీల్చడాన్ని అంకెలతో సరిచూసుకోండి

సెక్టారు 512 బైట్లు, డిస్కు లోపలి నిజమైన బ్లాకు 4,096 బైట్లు, నడుమ ఉన్న యూఎస్‌బీ బ్రిడ్జి ఒక ఆదేశానికి 240 సెక్టార్లకు మించి ఒప్పుకోదు అనుకుందాం. పై పొర 5వ సెక్టారు నుంచి 300 సెక్టార్లు రాయమంది. హద్దును మాత్రమే చూసి చీల్చితే మొదటి ముక్క 5 నుంచి 244 వరకు, రెండవది 245 నుంచి 304 వరకు వస్తుంది. హద్దు పాటించినట్లే ఉంది, కానీ 240 నుంచి 247 వరకు ఉన్న ఎనిమిది సెక్టార్లు డిస్కు లోపల ఒకే బ్లాకు. దానిని మొదటి ముక్క కొంత రాస్తుంది, రెండవ ముక్క మిగతాది రాస్తుంది, డిస్కు రెండుసార్లూ ఆ బ్లాకును చదివి, కలిపి, తిరిగి రాయవలసి వస్తుంది.

చీల్చే చోటును వెనక్కు జరిపి ఎనిమిదితో భాగింపబడే సెక్టారు దగ్గర ఆపండి. మొదటి ముక్క 5 నుంచి 239 వరకు 235 సెక్టార్లు, రెండవది 240 నుంచి 304 వరకు 65 సెక్టార్లు అవుతాయి. ముక్కల సంఖ్య పెరగలేదు, నడుమ దెబ్బతినే బ్లాకు లేదు, మొదట్లో, చివర్లో మాత్రమే అసంపూర్ణ బ్లాకులు మిగిలాయి. ఒక హెచ్చరిక ఉంది. వెనక్కు జరిపితే ముక్క పొడవు సున్నా అయ్యే సందర్భం రావచ్చు, అంటే గరిష్ఠ బదిలీయే బ్లాకు కన్నా చిన్నదైనప్పుడు. అప్పుడు అలైన్‌మెంట్‌ను వదిలేసి హద్దు మేరకు పంపాలి. ఈ షరతు రాయకపోతే లూప్ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

ఇదే అభ్యర్థనను మెమరీ వైపు నుంచి చూడండి. 300 సెక్టార్లంటే 1,53,600 బైట్లు. డీఎంఏ అంటే ప్రాసెసర్ మోయకుండా మెమరీకీ పరికరానికీ నడుమ నేరుగా జరిగే బదిలీ. పాత ఐడీఈ తరహా డీఎంఏ కంట్రోలర్ చదివే మెమరీ ముక్కల పట్టికలో ఒక ముక్క 64 కిలోబైట్ల సరిహద్దును దాటకూడదు. బఫర్ (బదిలీ చేయవలసిన సమాచారం ఉన్న మెమరీ భాగం) అటువంటి సరిహద్దుకు 4 కిలోబైట్ల ముందు మొదలైతే, మెమరీలో అది ఎడతెగని ఒకే బఫరైనా పట్టికలో 4,096, 65,536, 65,536, 18,432 బైట్ల నాలుగు ముక్కలవుతుంది. పొడవు ఫీల్డు 16 బిట్లే కాబట్టి 65,536ను సున్నాగా రాయాలి. ఆ సున్నాను సరిగా అర్థం చేసుకోని కంట్రోలర్లు ఉన్నాయి, వాటి కోసం లినక్స్ ఆ ముక్కను రెండు 32 కిలోబైట్లుగా విడదీస్తుంది. సాటా డిస్కుల కంట్రోలర్ ప్రమాణమైన ఏహెచ్‌సీఐలో ఇదే ముక్క 4 మెగాబైట్ల వరకు ఉండవచ్చు, కానీ పొడవు సరిసంఖ్య కావాలి. ఎన్‌వీఎంఈ సాధారణ పట్టికలో మొదటి ముక్క ఒక్కటే పేజీ నడుమ మొదలుకావచ్చు, మిగతావన్నీ పేజీ మొదటి నుంచే ఉండాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న బఫర్లను అందుకే అక్కడ యథాతథంగా పంపలేరు. ఒకే «ముక్క» అన్న భావనకు ఇన్ని రూపాలు ఉన్నాయి కనుకనే గరిష్ఠ పొడవు, దాటరాని సరిహద్దు, ముక్కల నడుమ ఖాళీ కూడదన్న నిబంధన అన్న మూడిటినీ మూడు వేర్వేరు ఫీల్డులుగా ఉంచాలి.

ఐదవ మెట్టు: బఫర్ ఎక్కడుందో అడగండి

డీఎంఏ అన్ని మెమరీలనూ అందుకోలేదు. 32 బిట్ల కంట్రోలర్ 4 గిగాబైట్లకు పైనున్న మెమరీని చేరలేదు. మన చిన్న పెట్టెల విషయానికి వస్తే, ఎస్‌టీఎం32ఎఫ్407 వంటి చిప్‌లలో ప్రాసెసర్‌కు మాత్రమే కలిపిన 64 కిలోబైట్ల సీసీఎం మెమరీని డీఎంఏ అసలు చూడలేదు. స్టాక్‌ను అక్కడ పెట్టి, ఫంక్షన్ లోపలి స్థానిక బఫర్‌ను కార్డుకు పంపితే కోడ్ అంతా సరిగానే కనిపిస్తుంది, బదిలీ మాత్రం జరగదు.

అందుకోలేని బఫర్ వచ్చినప్పుడు ఉమ్మడి పొర తన దగ్గరున్న నడిమి బఫర్‌లోకి నకలు చేసి పంపాలి. ఆ నడిమి బఫర్‌ను అవసరం పడినప్పుడు కేటాయించుకోకండి, మొదట్లోనే పక్కన పెట్టుకోండి. పెద్ద వ్యవస్థల్లో మెమరీ నిండిపోయినప్పుడు దానిని ఖాళీ చేయడానికే డిస్కుకు రాస్తారు. ఆ రాత కోసం డ్రైవర్ మళ్ళీ మెమరీ అడిగితే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ నిలిచిపోతారు. కనీసం ఒక ఆదేశం పూర్తి కావడానికి సరిపడా నిల్వ ఎప్పుడూ చేతిలో ఉండాలి.

క్యాషే ఉన్న ప్రాసెసర్లలో ఇంకొక జాగ్రత్త అవసరం. కార్టెక్స్ ఎం7లో క్యాషే వరుస 32 బైట్లు. మీ 512 బైట్ల బఫర్ ఆ వరుసలో ఎనిమిది బైట్ల తరువాత మొదలైతే, అదే వరుసలోని మొదటి ఎనిమిది బైట్లలో వేరే వేరియబుల్ ఉండవచ్చు. కార్డు నుంచి చదివాక క్యాషేలోని ఆ వరుసను చెల్లనిదిగా ప్రకటించినప్పుడు, అప్పటిదాకా మెమరీకి చేరని ఆ వేరియబుల్ విలువ కూడా ఎగిరిపోతుంది. కాబట్టి అలైన్‌మెంట్ ఫీల్డులో పరికరం అడిగిన అంకెనూ, క్యాషే వరుసనూ పోల్చి పెద్దదానిని ఉంచండి. బఫర్ పొడవు కూడా దానికి గుణిజంగా ఉండాలి.

ఆరవ మెట్టు: దాచలేని పరిమితులను పైకి చెప్పండి

బదిలీ పరిమాణం, సరిహద్దు, అలైన్‌మెంట్ వంటివి ఉమ్మడి పొర పాటిస్తే పై పొరకు వాటితో పని ఉండదు. చెరపడం, అరుగుదల, రాసినది నిలిచిందన్న హామీ మాత్రం అటువంటివి కావు.

నార్ ఫ్లాష్‌ను మామూలు డిస్కులాగా చూపించే పలుచని డ్రైవర్ ఎంత ఆకర్షణీయంగా కనిపించినా దాని జోలికి వెళ్ళకండి. 512 బైట్ల సెక్టారు ఒకటి మార్చమంటే ఆ డ్రైవర్ 4 కిలోబైట్లు చదివి, చెరిపి, తిరిగి రాయాలి, నడుమ కరెంటు పోతే అడగని ఏడు సెక్టార్లు కూడా పోతాయి. లినక్స్ కూడా ముడి ఫ్లాష్‌ను బ్లాక్ పరికరాల నుంచి వేరుచేసి ఎంటీడీ అన్న ప్రత్యేక వర్గంలో ఉంచింది. మీరూ రెండు రకాల ముఖద్వారాలు పెట్టండి, చదువు, రాత, నిలుపు (క్యాషేలో ఉన్నదానిని శాశ్వత నిల్వకు చేర్చే ఆదేశం) ఉన్న బ్లాక్ పరికరం ఒకటి, చదువు, రాత, చెరుపు ఉన్న ఫ్లాష్ పరికరం ఒకటి. చిన్న మైక్రోకంట్రోలర్ల కోసం రూపొందిన లిటిల్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ చదివే పరిమాణాన్ని, రాసే పరిమాణాన్ని, చెరిపే బ్లాకును, అరుగుదల చక్రాలను (చెరిపి రాసే సార్ల లెక్కను) ఆరంభంలోనే మీ నుంచి అడిగి తీసుకుంటుంది. మీ స్ట్రక్చర్ నుంచి ఆ అంకెలను నేరుగా దానికి అందించవచ్చు.

పేజీ హద్దును పాటించకపోతే ఏమవుతుందో ఒక్కసారి బైట్లలో చూడండి. 496వ అడ్రసు నుంచి 100 బైట్ల రికార్డు రాయమన్నారు. పేజీ 511తో ముగుస్తుంది. మొదటి 16 బైట్లు సరిగా పడతాయి. మిగిలిన 84 బైట్లు తరువాతి పేజీలోకి వెళ్ళవు, అదే పేజీ మొదటికి తిరిగి 256 నుంచి 339 వరకు పడతాయి. అక్కడున్న పాత రికార్డు మీద కొత్త రాత పడి, రెండిటిలోనూ ఒకటి ఉన్న బిట్లే ఒకటిగా మిగులుతాయి. చిప్ ఏ ఎర్రర్ కూడా ఇవ్వదు. పాత రికార్డు చెడిపోయిన సంగతి నెలాఖరులో లెక్క తీసినప్పుడు గానీ బయటపడదు.

పై పొరకు రాసే పరిమాణం తెలిస్తే ఈ బాధ మొదలే ఉండదు. రికార్డును 32 బైట్లుగా ఎంచుకుంటే పేజీకి ఎనిమిది, సెక్టారుకు 128 సరిగ్గా ఇముడుతాయి, ఏదీ హద్దు దాటదు. నిమిషానికొకటి చొప్పున రోజుకు 46,080 బైట్లు అవుతాయి కనుక 16 మెగాబైట్ల చిప్‌లో 364 రోజుల లెక్క, అంటే దాదాపు ఒక సాగు సంవత్సరం పడుతుంది. «చివరి రికార్డు ఎక్కడుంది» అన్న సూచికను మాత్రం ఒక నిర్ణీత సెక్టారులో పెట్టి నిమిషానికొకసారి చెరిపి రాయకండి. రోజుకు 1,440 చెరుపుల లెక్కన, లక్ష చక్రాల హామీ ఉన్న సెక్టారు 70 రోజులు తిరగకముందే ఆ హామీని దాటిపోతుంది. ప్రతి రికార్డులో వరుస సంఖ్య, చెక్‌సమ్ (రికార్డు చెడలేదని సరిచూసే అంకె) ఉంచి, పెట్టె మొదలైనప్పుడు సగం సగంగా వెతికి చివరిదానిని కనుక్కోండి.

అదే రికార్డు ఎస్‌డీ కార్డుకు వెళ్ళాలంటే 16 రికార్డులు కూడితే గానీ 512 బైట్ల సెక్టారు ఒకటి నిండదు. అంతవరకు వాటిని మెమరీలో ఉంచితే కరెంటు పోయినప్పుడు పదహారు నిమిషాల లెక్క పోవచ్చు. ఇది ఒప్పుకోవాలా వద్దా అన్నది డ్రైవర్ నిర్ణయించే విషయం కాదు. ఒప్పుకోలేనివారు 32 కిలోబైట్ల ఎఫ్‌ర్యామ్ చిప్ (చెరపకుండానే రాయగల, కరెంటు పోయినా నిలిచే మెమరీ) ఒకటి పక్కన పెట్టుకుంటే 1,024 రికార్డులు, అంటే 17 గంటల లెక్క అక్కడ భద్రంగా ఉంటుంది, కార్డుకు తీరిగ్గా పెద్ద ముక్కలుగా పంపుకోవచ్చు.

ఏడవ మెట్టు: సమయాన్ని కూడా పరిమితిగానే లెక్కించండి

ఎస్‌డీహెచ్‌సీ కార్డు (32 గిగాబైట్ల వరకు ఉండే రకం) ఒక రాత తరువాత 250 మిల్లీసెకన్ల వరకు, అంతకు పెద్దదైన ఎస్‌డీఎక్స్‌సీ 500 మిల్లీసెకన్ల వరకు పనిలో ఉన్నానని చెప్పవచ్చు. నార్ ఫ్లాష్ సెక్టారు చెరుపు సాధారణంగా 45 మిల్లీసెకన్లు పట్టినా గరిష్ఠంగా 400 దాకా పోవచ్చు. బల్ల మీద పరీక్షించినప్పుడు ఎప్పుడూ సాధారణ సమయమే కనిపిస్తుంది. టైమౌట్‌ను, అంటే జవాబు కోసం ఎదురుచూసే గడువును, కొలిచిన అంకెను బట్టి పెట్టకండి, డేటాషీట్‌లోని గరిష్ఠాన్ని బట్టి పెట్టండి. ఈ అంకె కూడా స్ట్రక్చర్‌లోనే ఉండాలి.

త్రీఫేజ్ సరఫరా వచ్చిపోయే మన పొలాల్లో, మోటారు అందుకునేటప్పుడు వోల్టేజీ పడిపోయే చోట, ఈ అంకె సర్క్యూట్‌ను కూడా నిర్ణయిస్తుంది. సరఫరా పోయిందని తెలిశాక మొదలైన రాతను ముగించాలంటే కెపాసిటర్‌లో ఎంత నిల్వ కావాలి? 5 వోల్టుల నుంచి 3.6 వోల్టుల దాకా దిగడానికి వీలుందనుకుంటే, 100 మిల్లీఆంపియర్లు లాగే కార్డు 250 మిల్లీసెకన్లు నిలవడానికి దాదాపు 18,000 మైక్రోఫారడ్లు కావాలి. 25 మిల్లీఆంపియర్లతో 3 మిల్లీసెకన్లలో పేజీ రాసే నార్ ఫ్లాష్‌కు 54 మైక్రోఫారడ్లు చాలు. ప్రాసెసర్ వాడుకను దీనికి కలుపుకోవాలి. అయినా తేడా ఎంతటిదో తెలుస్తూనే ఉంది. కార్డు వాడే పెట్టెలో సూపర్ కెపాసిటర్ ఎందుకు ఉండాలో అడిగినవారికి ఈ లెక్క చూపండి.

పరికరం లోపల క్యాషే ఉంటే, రాత పూర్తయిందన్న జవాబు నిలిచిందన్న హామీ కాదు. నిలుపు ఆదేశాన్ని ఉమ్మడి పొర ఎప్పటికీ మింగకూడదు. పరికరానికి ఆ ఆదేశం లేకపోతే, క్యాషే లేదని రూఢి అయినప్పుడే విజయం అని తిరిగి చెప్పాలి.

ఎనిమిదవ మెట్టు: మాట తప్పే పరికరాలకు విడి పట్టిక

కొన్ని పరికరాలు తమ గురించి తామే తప్పు చెబుతాయి. సామర్థ్యం అడిగితే చివరి బ్లాకు సంఖ్య చెప్పవలసింది పోయి, మొత్తం బ్లాకుల సంఖ్య చెప్పే యూఎస్‌బీ పరికరాలు ఉన్నాయి. దాంతో లేని బ్లాకు ఒకటి ఉన్నట్లు కనిపిస్తుంది. పెద్ద బదిలీ ఒప్పుకుని మధ్యలో జవాబివ్వకుండా నిలిచిపోయే బ్రిడ్జిలు ఉన్నాయి. లినక్స్ యూఎస్‌బీ స్టోరేజీ డ్రైవర్ ఇటువంటివాటి కోసమే ఒక జాబితా ఫైలును విడిగా నిర్వహిస్తోంది. మీరూ తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రాము) వెర్షన్‌ను బట్టి వెతికే పట్టిక ఒకటి పెట్టండి. అందులోని వరుస ఏదైనా హద్దును బిగించగలగాలే గానీ సడలించకూడదు. ఫర్మ్‌వేర్ వెర్షన్‌ను వదిలేస్తే, తప్పు సరిదిద్దుకుని వచ్చిన కొత్త సరుకును కూడా శిక్షించినట్లవుతుంది. ప్రతి వరుస పక్కనా ఏ లక్షణం చూసి చేర్చారో ఒక వాక్యం రాయండి.

లేబుల్ మీద ఉన్నంత సామర్థ్యం లోపల లేని నకిలీ కార్డులకు ఈ పట్టిక పనికిరాదు. వాటికి ఒకటే దారి, కొన్న ప్రతి కార్డునూ చివరిదాకా వేర్వేరు విలువలతో నింపి, తిరిగి చదివి పోల్చుకోవడం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో, ఎండలో ఉన్న ఇనుప పెట్టె లోపల వేడి ఇంకా ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ ఫ్లాష్ సమాచారాన్ని నిలుపుకునే కాలం తగ్గుతుంది కనుక, ఆ పరీక్షను వేడి పెట్టెలో కొన్నాళ్ళు ఉంచాక మరొకసారి చేయడం మంచిది.

తొమ్మిదవ మెట్టు: కఠినమైన నకిలీ డ్రైవర్‌తో పరీక్షించండి

నిజమైన చిప్‌లు చాలా తప్పులను సహిస్తాయి, కాబట్టి అవి మంచి పరీక్షకులు కావు. మెమరీలో ఒక శ్రేణిని (అర్రేను) పెట్టుకుని, ప్రకటించిన ప్రతి హద్దునూ నిక్కచ్చిగా అడిగే నకిలీ డ్రైవర్ రాయండి. హద్దు మీరిన అభ్యర్థనను అది సరిచేయకూడదు, ప్రోగ్రామునే ఆపేయాలి. నార్ ఫ్లాష్‌గా నటించేటప్పుడు బిట్లను సున్నా వైపే మార్చాలి, పేజీ చివర వెనక్కు తిరగాలి, అనుమతి ఆదేశం లేని రాతను చప్పుడు చేయకుండా వదిలేయాలి. తరువాత హద్దులనే యాదృచ్ఛికంగా మార్చుతూ పోండి. గరిష్ఠ బదిలీ ఒక్క సెక్టారు, మెమరీ ముక్క ఒక్కటే, గరిష్ఠం ఏడు సెక్టార్లు వంటి వింత అంకెల దగ్గరే చీల్చే కోడ్ బండారం బయటపడుతుంది. ప్రతి రాతనూ పక్కన ఒక సాదా శ్రేణిలోనూ చేసి, చివరికి రెండిటినీ పోల్చండి.

కరెంటు కోతను కూడా ఇక్కడే నటించవచ్చు. రాతలన్నిటినీ ఒక వరుసగా దాచి, ఏదో ఒక చోట ఆపి, అక్కడివరకే శ్రేణిలో వేసి, పై పొర తేరుకుంటుందో లేదో చూడండి. రెండు నిలుపు ఆదేశాల నడుమ ఉన్న రాతలు ఏ వరుసలోనైనా చేరవచ్చు, కొన్ని చేరకపోనూ వచ్చు. కాబట్టి వాటిని తారుమారు చేసి కూడా వేయండి. గేట్‌వే వైపు లినక్స్ వాడుతున్నవారికి ఈ పనిముట్లు సిద్ధంగానే ఉన్నాయి. స్కజీ డీబగ్ మాడ్యూల్ నకిలీ డిస్కును సృష్టిస్తుంది, కంప్యూటర్‌ను అనుకరించే క్యూఎంయూలోని ఎన్‌వీఎంఈ పరికరానికి గరిష్ఠ బదిలీని మీరే నిర్ణయించవచ్చు, డీఎం లాగ్ రైట్స్ రాతల వరుసను నమోదు చేస్తుంది, ఎఫ్ఐఓ అన్న పరీక్ష ప్రోగ్రాము రాసినదానిని తిరిగి చదివి సరిచూస్తుంది.

చివరగా, పెట్టె మొదలైన ప్రతిసారీ అమలులోకి వచ్చిన హద్దులన్నిటినీ, ఒక్కో హద్దు పక్కన దానిని నిర్ణయించింది చిప్పా, కంట్రోలరా, బ్రిడ్జా, మినహాయింపుల పట్టికా అన్న మాటనూ సీరియల్ పోర్టు మీద ముద్రించండి, అదే సమాచారాన్ని నిల్వలో మొదటి రికార్డుగానూ రాయండి. తాడిపత్రి నుంచో ధర్మవరం నుంచో పెట్టె తిరిగి వచ్చినప్పుడు, విప్పి చిప్ మీది చెరిగిపోయిన అక్షరాలను భూతద్దంతో చదవనక్కర లేకుండా, లోపల ఏముందో ఆ రికార్డే చెబుతుంది.